కంటికి కనిపించని నక్షత్రాన్ని గడియారంతో తూచారు: ఎక్స్‌రే పల్సర్ల కథ, అందులో హైదరాబాద్, శ్రీహరికోటల వాటా

కొన్నేళ్లుగా చలికాలం మొదలయ్యే ముందు పేపర్లలో ఒక ప్రకటన వస్తుంటుంది. చాలామంది చదవకుండానే పేజీ తిప్పేస్తారు. హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్, అంటే టీఐఎఫ్ఆర్ వాళ్ల బెలూన్ కేంద్రం నుంచి పెద్ద పెద్ద ప్లాస్టిక్ బెలూన్లు ఎగరేస్తున్నామని, వాటికి కట్టిన పెట్టెలు పారాచూట్ల సాయంతో వికారాబాద్, మెదక్, ఆదిలాబాద్ వైపో, పక్కనున్న మహారాష్ట్ర, కర్ణాటక జిల్లాల్లోనో దిగొచ్చని అందులో ఉంటుంది. పెట్టె కనబడితే తెరవొద్దు, కదిలించొద్దు, దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కి చెప్పండి అంటారు. అయినా పొలంలో అలాంటిది పడ్డ ప్రతిసారీ బాంబనీ, గ్రహాంతరవాసుల బండి అనీ ఊరంతా గుమిగూడుతుంది. సెల్ఫీలు, వీడియోలు, పుకార్లు సరేసరి.

ఈ బెలూన్లలో ఎక్కువ భాగం ఇప్పుడు వాతావరణం మీద, పరారుణ కాంతి మీద పరిశోధన కోసం వెళ్తున్నాయి. కానీ ఒకప్పుడు వీటి ముఖ్యమైన పని వేరే. 1968లో హైదరాబాద్ నుంచి ఎగిరిన ఒక బెలూన్ వృశ్చిక రాశిలోని ఒక నక్షత్రం నుంచి వచ్చే ఎక్స్‌రేలను కొలిచింది. మన దేశంలో ఎక్స్‌రే ఖగోళశాస్త్రం అలా, మన ఊరి ఆకాశంలోనే మొదలైంది. ఈ సంగతి హైదరాబాద్‌లో ఉండేవాళ్లకే సరిగా తెలియదు. తర్వాత అదే దారి శ్రీహరికోట దాకా వెళ్లింది.

అసలు నక్షత్రాలకి ఎక్స్‌రే ఏంటి? దాని కోసం అంత ఎత్తుకి ఎందుకు వెళ్లాలి?

ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసేటప్పుడు యంత్రం కిరణాలు పంపిస్తుంది, అవి మన ఒంట్లోంచి వెళ్లి అవతలున్న ఫిల్మ్ మీద పడతాయి. ఆకాశం విషయంలో మనం ఏమీ పంపం. నక్షత్రమే పంపిస్తుంది, మనం పట్టుకోవాలి. ఏ వస్తువైనా వేడెక్కితే వెలుగిస్తుంది. కొలిమిలో ఇనుము మొదట ఎర్రగా, తర్వాత పసుపుగా, ఇంకా కాలిస్తే తెల్లగా అవుతుంది. సూర్యుడి ఉపరితలం దాదాపు 5,500 డిగ్రీలు, కాబట్టి మన కళ్లకి కనిపించే వెలుగిస్తున్నాడు. అదే కోటి డిగ్రీల వేడికి చేరితే వచ్చే వెలుగు ప్రధానంగా ఎక్స్‌రేలే. అంటే ఆకాశంలో ఎక్స్‌రేలు గట్టిగా వస్తున్నాయంటే అక్కడ మామూలు మంట కాదు, ఇంకేదో జరుగుతోందని అర్థం.

చిక్కేమిటంటే, ఆ ఎక్స్‌రేలు నేల దాకా రావు. మన తలమీదున్న గాలి వాటిని మింగేస్తుంది. మన ప్రాణాలకి అది మంచిదే, శాస్త్రవేత్తలకే ఇబ్బంది. బెలూన్ 40 కిలోమీటర్ల దాకా వెళ్తే గాలిలో దాదాపు అంతా కిందే ఉండిపోతుంది, అక్కడ బలమైన ఎక్స్‌రేలు దొరుకుతాయి. బలహీనమైనవి కావాలంటే రాకెట్టో, ఉపగ్రహమో తప్పదు.

1962 జూన్ 18న అమెరికాలోని న్యూమెక్సికో నుంచి రికార్డో జకోని బృందం ఒక చిన్న రాకెట్ ఎగరేసింది. సూర్యకాంతి తగిలి చంద్రుడి నేల ఎక్స్‌రేలు ఇస్తుందేమో చూద్దామని వాళ్ల ఆలోచన. రాకెట్ వాతావరణం పైన ఉన్నది కొన్ని నిమిషాలే. ఆ కొద్దిసేపట్లో చంద్రుడి నుంచి రావలసినవి రాలేదు గానీ, వృశ్చిక రాశి వైపు నుంచి ఎవరూ ఊహించనంత బలమైన ఎక్స్‌రేలు వచ్చాయి. దానికి స్కార్పియస్ ఎక్స్-1 అని పేరు పెట్టారు. వృశ్చికంలో దొరికిన మొదటి ఎక్స్‌రే చుక్క అని దాని అర్థం. హైదరాబాద్ బెలూన్ చూసింది కూడా దీన్నే. కానీ అదేంటో, అంత శక్తి ఎక్కడిదో అప్పటికి ఎవరికీ తెలియదు. ఆ ముడి విప్పడానికి దాదాపు పదేళ్లు పట్టింది. విప్పింది మాత్రం స్కార్పియస్ కాదు, వేరే చుక్క.

జంట నక్షత్రాల సంగతి

ఆ చుక్క దగ్గరికి వెళ్లే ముందు జంట నక్షత్రాల గురించి రెండు ముక్కలు. మన సూర్యుడు ఒంటరివాడు. ఆకాశంలో చాలా నక్షత్రాలు అలా కాదు, రెండు కలిసి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటాయి. దూరం నుంచి చూస్తే ఒక్కటిగానే కనిపిస్తాయి. మరి రెండున్నాయని ఎలా తెలుస్తుంది?

చలికాలం రాత్రుల్లో మన ఆకాశంలో కనిపించే ఒక నక్షత్రం పేరు అల్గోల్. ఉర్దూ, అరబీ తెలిసినవాళ్లకి పేరు వినగానే తెలిసిపోతుంది, అది ‘రాస్ అల్-గూల్’. అంటే గూల్ తల, దయ్యం తల. ఈ నక్షత్రం 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకి ఒకసారి మసకబారుతుంది, వెలుగు మూడో వంతుకి పడిపోయి కొన్ని గంటల్లో మళ్లీ మామూలవుతుంది. 1783లో ఇంగ్లండ్‌లోని యార్క్ ఊర్లో జాన్ గుడ్‌రిక్ అనే 18 ఏళ్ల కుర్రాడు దీన్ని రాత్రుల తరబడి చూసి లెక్క రాశాడు. అతనికి చెవులు వినిపించవు. బహుశా ఏదో పెద్ద వస్తువు ఆ నక్షత్రం చుట్టూ తిరుగుతూ మధ్యమధ్యలో అడ్డం వస్తోందేమో అన్నాడు. వందేళ్ల తర్వాత అదే నిజమని తేలింది. గ్రహణం పట్టే జంటలు అంటారు వీటిని.

ఈ గ్రహణ జంటల మీద హైదరాబాద్‌కి సొంత చరిత్ర ఉంది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఇంగ్లండ్ నుంచి దూరదర్శిని తెప్పించి ఫిసల్‌బండలో పెట్టిన నిజామియా అబ్జర్వేటరీ తర్వాత ఉస్మానియా యూనివర్సిటీ చేతికి వచ్చింది. 1968లో జాపాల్-రంగాపూర్ దగ్గర 48 అంగుళాల దూరదర్శిని పెట్టారు. ప్రొఫెసర్ కె.డి. అభ్యంకర్, ఆయన శిష్యులు గ్రహణ జంటల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. బేగంపేటలోని నిజామియా పాత కట్టడం ఇప్పుడున్న స్థితి చూస్తే ఇదంతా అక్కడే మొదలైందంటే నమ్మబుద్ధి కాదు. చారిత్రక కట్టడాలంటే మనకి కోటలు, మహళ్లే గుర్తొస్తాయి, అబ్జర్వేటరీ ఎవరికీ గుర్తుకు రాదు.

తప్పుతున్న గడియారం

1970 డిసెంబర్ 12న ఆఫ్రికాలోని కెన్యా తీరం దగ్గర, సముద్రంలో కట్టిన వేదిక మీద నుంచి ఒక చిన్న ఉపగ్రహం లేచింది. ఎక్స్‌రేలు చూడటానికి మాత్రమే తయారైన మొట్టమొదటి ఉపగ్రహం అది. ఆ రోజు కెన్యా స్వాతంత్ర్య దినం. నాసాలో ఆ ప్రాజెక్టు మేనేజర్ మార్జరీ టౌన్‌సెండ్ అనే మహిళ. ఆమె దానికి ‘ఉహురు’ అని పేరు పెట్టారు. స్వాహిలీ భాషలో ఉహురు అంటే స్వేచ్ఛ.

ఉహురు ఆకాశమంతా జల్లెడ పట్టి 339 ఎక్స్‌రే చుక్కల జాబితా తయారుచేసింది. వాటిలో దక్షిణాకాశంలోని సెంటారస్ ఎక్స్-3 ఒకటి. దాని ఎక్స్‌రేలు స్థిరంగా రావడం లేదు. 4.84 సెకన్లకి ఒకసారి పెరుగుతున్నాయి, తగ్గుతున్నాయి. గుండె కొట్టుకున్నట్టు ఒకటే తాళం. అయితే ఆ తాళం కొంచెం తప్పుతోంది. ఒకసారి చూస్తే 4.84 కంటే పిసరంత తక్కువ, ఇంకోసారి పిసరంత ఎక్కువ. పైగా ఉన్నట్టుండి ఆ చుక్క మొత్తానికే మాయమైపోతోంది, మళ్లీ వస్తోంది.

జకోని బృందం లెక్కలన్నీ వరసగా పెట్టి చూస్తే విషయం బయటపడింది. తాళం తప్పడం ఇష్టమొచ్చినట్టు లేదు, సరిగ్గా 2.087 రోజులకోసారి అదే వరస మళ్లీ వస్తోంది. మాయమవడం కూడా 2.087 రోజులకోసారే, అది కూడా దాదాపు అరరోజు పాటు. అంటే ఇది అల్గోల్ కథే! ఎక్స్‌రేలు ఇచ్చే వస్తువు ఏదో పెద్ద నక్షత్రం చుట్టూ తిరుగుతోంది, వెనక్కి వెళ్లినప్పుడు గ్రహణం పడుతోంది.

మరి తాళం ఎందుకు తప్పుతోంది? నాంపల్లి నుమాయిష్‌లో రంగులరాట్నం గుర్తు తెచ్చుకోండి. దాని మీద ఒక మర్ఫా వాయించేవాడిని కూర్చోబెట్టి, సెకనుకి ఒక దెబ్బ కొట్టమన్నాం అనుకోండి. రాట్నం మామూలుది కాదు, మధ్య నుంచి అంచుకి 340 మీటర్లుంది. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు వెళ్తుంది. దూరంగా నిలబడి వింటుంటే, అతను మన వైపు అంచున ఉన్నప్పుడు కొట్టిన దెబ్బ ఒక సెకను ముందే వినిపిస్తుంది, అవతలి అంచుకి వెళ్తే ఒక సెకను ఆలస్యంగా వినిపిస్తుంది. మన వైపు వస్తున్నంతసేపూ దెబ్బలు దగ్గర దగ్గరగా, దూరం పోతున్నంతసేపూ ఎడంగా వినిపిస్తాయి. వాయించేవాడు తాళం తప్పలేదు. తిరుగుతున్నాడు, అంతే. కళ్లు మూసుకుని వింటున్నా సరే, ఎంత ముందు, ఎంత ఆలస్యం అని కొలిస్తే రాట్నం ఎంత పెద్దదో చెప్పేయొచ్చు.

సెంటారస్ ఎక్స్-3 విషయంలో వచ్చేది శబ్దం కాదు, ఎక్స్‌రేలు. అవి కాంతి వేగంతో, సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు వస్తాయి. దాని దెబ్బలు ఒక పక్క దాదాపు 40 సెకన్లు ముందు, ఇంకో పక్క దాదాపు 40 సెకన్లు ఆలస్యంగా అందుతున్నాయి. కచ్చితంగా చెప్పాలంటే 39.7 సెకన్లు. అంటే ఆ వస్తువు తిరిగే దారి మధ్య నుంచి అంచుకి సుమారు 1 కోటి 19 లక్షల కిలోమీటర్లు. దూరదర్శినితో చూస్తే ఒక చుక్కగా కూడా విడిగా కనిపించని వస్తువు, అది తిరిగే దారిని కిలోమీటర్లలో చెప్పగలిగారు. దీనికి వాడింది గడియారం ఒక్కటే.

ఇప్పుడు తూకం వేద్దాం. ఈ హిసాబ్ ఇంటర్ చదివే పిల్లలు కూడా చేయొచ్చు, కాగితం తీసుకోండి. భూమి సూర్యుడికి 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉండి 365 రోజులకి ఒక చుట్టు తిరుగుతుంది. అదే సూర్యుడికి 1 కోటి 19 లక్షల కిలోమీటర్ల దూరంలో ఏదైనా తిరిగితే, కెప్లర్ సూత్రం ప్రకారం ఒక చుట్టుకి సుమారు 8.2 రోజులు పట్టాలి. కానీ సెంటారస్ ఎక్స్-3 అంతే పెద్ద దారిని 2.087 రోజుల్లో చుట్టేస్తోంది. దాదాపు 3.9 రెట్లు త్వరగా. అదే దూరంలో త్వరగా తిరగాలంటే లాగే బరువు ఎక్కువుండాలి, ఆ లెక్క వర్గంలో పెరుగుతుంది. 3.9ని 3.9తో గుణిస్తే 15 పైచిలుకు. అంటే ఆ జంటలోని పెద్ద నక్షత్రం తక్కువలో తక్కువ సూర్యుడికి 15 రెట్లు బరువు! మనం లెక్కలోకి తీసుకోని విషయాలు కొన్ని ఉన్నాయి, చిన్నదాని సొంత బరువు, దారి వాలు లాంటివి. అవన్నీ కలిపితే దాదాపు 20 రెట్లు వస్తుంది. ఈ లెక్కలు అయిన తర్వాత, 1974లో, మామూలు దూరదర్శినితో వెతికితే సరిగ్గా అక్కడే ఒక భారీ నీలి నక్షత్రం దొరికింది. ముందు తూచారు, తర్వాత చూశారన్నమాట.

జకోనికి 2002లో నోబెల్ వచ్చింది.

ఇంత చిన్నదానికి అంత శక్తా?

పెద్ద నక్షత్రం సంగతి సరే, మరి దాని చుట్టూ తిరిగే ఆ చిన్నది ఏంటి? 4.84 సెకన్లకి ఒకసారి తన చుట్టూ తాను తిరగాలంటే అది మామూలు నక్షత్రం కాలేదు, చెదిరిపోతుంది. చాలా చిన్నదిగా, చాలా గట్టిగా ఉండాలి. అదే న్యూట్రాన్ నక్షత్రం.

భారీ నక్షత్రంలో ఇంధనం అయిపోయాక నడిమి భాగం తన బరువుకి తానే కుప్పకూలుతుంది. బయటి పొరలు పేలిపోతాయి. లోపల మిగిలింది సూర్యుడి కంటే ఎక్కువ బరువు, కానీ అడ్డంగా కొలిస్తే 20-25 కిలోమీటర్లే. మన ఔటర్ రింగ్ రోడ్డు లోపల పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది. అందులోంచి ఒక్క చెంచా తీస్తే వందల కోట్ల టన్నులు తూగుతుంది.

ఇలాంటి నక్షత్రాల్ని మొదట పట్టుకున్నది 1967లో కేంబ్రిడ్జ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న జోసిలిన్ బెల్. ఎక్స్‌రేలతో కాదు, రేడియో తరంగాలతో. సెకనుకి కాస్త ఎక్కువ వ్యవధిలో టిక్ టిక్‌మని వస్తున్న సంకేతాన్ని ఆమె కాగితం చుట్టల మీద గుర్తించింది. వాటికి పల్సర్లని పేరొచ్చింది. 1974లో ఆ పరిశోధనకి నోబెల్ ఇచ్చారు, ఆమె గైడ్‌కి. ఆమెకి ఇవ్వలేదు. 2018లో మరో అవార్డు కింద 30 లక్షల డాలర్లు వస్తే, ఆమె ఒక్క డాలర్ ఉంచుకోకుండా భౌతికశాస్త్రంలో తక్కువగా కనబడే వర్గాల విద్యార్థుల స్కాలర్‌షిప్‌లకి ఇచ్చేసింది. ఆడపిల్లలు, మైనారిటీలు, శరణార్థులు అందులో ఉన్నారు.

రేడియో పల్సర్లు ఎక్కువగా ఒంటరివి. తమ చుట్టూ తాము తిరిగే శక్తినే కొద్దికొద్దిగా ఖర్చుపెట్టుకుంటూ ఏళ్లు గడిచేకొద్దీ నెమ్మదిస్తాయి. సెంటారస్ ఎక్స్-3 లాంటివి అలా కాదు. వీటికి పక్కన తోడుంది. ఆ తోడు నుంచి గ్యాస్ జారి న్యూట్రాన్ నక్షత్రం మీద పడుతుంది. పడటమే శక్తి. ఒక ఉస్మానియా బిస్కట్, సుమారు 10 గ్రాములు అనుకుందాం, న్యూట్రాన్ నక్షత్రం మీద పడిందంటే హిరోషిమా మీద వేసిన బాంబు కంటే ఎక్కువ శక్తి వస్తుంది. బిస్కట్‌లో ఏముందన్నది విషయం కాదు, ఏది పడ్డా అంతే. సూర్యుడిలో హైడ్రోజన్ మండి ఇచ్చే శక్తి కంటే అంతే పదార్థం ఇలా పడితే వచ్చేది 20 రెట్లు పైనే. 1962 నాటి ప్రశ్నకి జవాబు ఇదే. స్కార్పియస్ ఎక్స్-1లో కూడా ఒక న్యూట్రాన్ నక్షత్రం తన తోడుని తింటూనే ఉంది.

న్యూట్రాన్ నక్షత్రానికి అయస్కాంత శక్తి కూడా విపరీతం, భూమి కంటే లక్షల కోట్ల రెట్లు. పడే గ్యాస్‌ని అది ఎక్కడ పడితే అక్కడ పడనివ్వదు. గరాటులో పోసినట్టు రెండు ధ్రువాల మీదికి తోస్తుంది. అక్కడ కోట్ల డిగ్రీల వేడితో రెండు మచ్చలు మండుతుంటాయి. నక్షత్రం తిరుగుతుంటే ఆ మచ్చ మన వైపు వచ్చిపోతుంటుంది, ఓడరేవులో లైట్‌హౌస్ దీపంలా. మనకి అందే దెబ్బ అదే.

ఇక్కడ ఒక మాట. వాట్సాప్‌లో ‘నాసా రికార్డు చేసిన నక్షత్రం శబ్దం, తలుపు తట్టినట్టు వినండి’ అంటూ వీడియోలు తిరుగుతుంటాయి. అంతరిక్షంలో గాలి లేదు, శబ్దం రాదు. దూరదర్శినికి అందిన రేడియో సంకేతాన్నో, ఎక్స్‌రే లెక్కనో కంప్యూటర్‌లో వేసి శబ్దంగా మార్చారు. లయ నిజమే, చప్పుడు మనం పెట్టిందే. ఫార్వర్డ్ చేసే ముందు ఇది తెలుసుకుంటే చాలు.

ముసలి పల్సర్‌కి మళ్లీ వయసు

1982లో సెకనుకి 642 సార్లు తిరిగే పల్సర్ ఒకటి దొరికింది. కనిపెట్టిన బృందంలో మన దేశం నుంచి వెళ్లిన విద్యార్థి శ్రీనివాస్ కులకర్ణి ఉన్నారు. పల్సర్లు వయసు మీద పడేకొద్దీ నెమ్మదిస్తాయనుకుంటే, దీని అయస్కాంత శక్తి చూస్తే ముసలిది, వేగం చూస్తే పసిది. ఈ ముడిని విప్పినవాళ్లలో బెంగళూరు రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కి చెందిన వి. రాధాకృష్ణన్, జి. శ్రీనివాసన్ ఉన్నారు. రాధాకృష్ణన్ సర్ సి.వి. రామన్ గారి కొడుకు. వాళ్లు ఆ వ్యాసం పంపింది కూడా విదేశీ పత్రికకి కాదు, మన ‘కరెంట్ సైన్స్’కి.

వాళ్లు చెప్పిందేంటంటే, ఈ పల్సర్ ఒకప్పుడు జంటలో ఉండేది. తోడు నుంచి జారిన గ్యాస్ నేరుగా పడదు, చుట్టూ తిరుగుతూ పడుతుంది. బొంగరాన్ని పక్క నుంచి కొట్టి కొట్టి వేగం పెంచినట్టు, అలా పడి పడి నెమ్మదించిన పల్సర్‌ని మళ్లీ గిరగిరా తిప్పేస్తుంది. చెప్పడానికి బాగుంది, సాక్ష్యం? గ్యాస్ తింటూ ఉండగానే, అంటే ఎక్స్‌రేలు ఇస్తూ ఉండగానే, అంత వేగంగా తిరిగేదాన్ని చూపించాలి. 16 ఏళ్లు ఎవరికీ దొరకలేదు. 1998లో ఆర్ఎక్స్‌టీఈ అనే అమెరికా ఉపగ్రహం లెక్కల్లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు పట్టుకున్నారు. సెకనుకి 401 సార్లు తిరుగుతూ, రెండు గంటలకోసారి తన తోడుని చుట్టేస్తున్న ఎక్స్‌రే పల్సర్. 2013లో ఇంకా ముచ్చటైనది దొరికింది. గ్యాస్ పడుతున్నప్పుడు ఎక్స్‌రే పల్సర్‌లా కనిపించింది, గ్యాస్ ఆగిన కొన్ని రోజులకే మళ్లీ రేడియో పల్సర్ అయిపోయింది. రెండు వేషాలూ ఒకదానివే.

సెంటారస్ ఎక్స్-3 కూడా ఈ 50 ఏళ్లలో కొంచెం వేగం పుంజుకుంది. మొదట్లో 4.84 సెకన్లు, ఇప్పుడు 4.80 దగ్గరకొచ్చింది.

ఈ తూకం పద్ధతికి ఇంకో పెద్ద ఉపయోగం ఉంది. న్యూట్రాన్ నక్షత్రం బరువుకి హద్దుంది, సూర్యుడికి రెండు మూడు రెట్లు దాటితే ఇక నిలబడలేదు, బ్లాక్ హోల్ అవుతుంది. కాబట్టి జంటలో కనిపించని వస్తువు బరువు ఆ హద్దు దాటిందంటే అది బ్లాక్ హోలే. సిగ్నస్ ఎక్స్-1ని అలాగే గుర్తించారు. అందులో దెబ్బలు రావు, ఎందుకంటే దెబ్బ కొట్టడానికి గట్టి నేల, దాని మీద మచ్చ ఉండాలి. అక్కడ గడియారం లేదు కాబట్టి తోడు నక్షత్రం కదలికని బట్టి తూచారు. 2021లో వచ్చిన కొలత ప్రకారం అది సూర్యుడికి 21 రెట్లు.

బెలూన్ నుంచి శ్రీహరికోట

1968 తర్వాత టీఐఎఫ్ఆర్ వాళ్లు జినాన్ గ్యాస్ నింపిన పెద్ద పెద్ద డిటెక్టర్లు చేసి హైదరాబాద్ నుంచి బెలూన్ల మీద పంపారు. ఒక్కో బెలూన్ పైన ఉండేది కొన్ని గంటలే. పెట్టె ఎక్కడ దిగిందో వెతుక్కుంటూ జీపుల్లో ఊళ్లు తిరిగిన తరం అది. ఉపగ్రహం దారిలో మొదట దెబ్బ తగిలింది. మన తొలి ఉపగ్రహం ఆర్యభట్ట 1975లో ఎక్స్‌రే పరికరంతోనే వెళ్లింది గానీ కరెంటు సరఫరాలో లోపంతో కొద్ది రోజులకే ప్రయోగాలు ఆగిపోయాయి. 1996లో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఐఆర్ఎస్-పీ3లో ఒక చిన్న ఎక్స్‌రే పరికరానికి చోటు దొరికింది.

అసలు ముహూర్తం 2015 సెప్టెంబర్ 28. శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్వీ-సీ30 మీద ఆస్ట్రోశాట్ వెళ్లింది. బరువు 1,513 కిలోలు, ఎత్తు 650 కిలోమీటర్లు. దాని మీదున్న లాక్స్‌పీసీ అనే పరికరం ఆ హైదరాబాద్ బెలూన్ డిటెక్టర్ల వంశంలోదే, జినాన్ నింపిన మూడు పెద్ద పెట్టెలు. ఒక్కో ఎక్స్‌రే ఎప్పుడు తగిలిందో సెకనులో లక్షో వంతు కచ్చితత్వంతో రాస్తుంది. గడియారం పని ఉన్నచోట కావలసింది అదే కదా. మూడింటిలో ఒక దాంట్లో గ్యాస్ లీకై ఆగిపోయింది, అయినా పని ఆగలేదు. ఐదేళ్లు నడిస్తే చాలనుకున్న ఉపగ్రహం అంతకంటే చాలా ఎక్కువే నడిచింది.

2024 జనవరి 1న, కొత్త సంవత్సరం రోజు పొద్దున, అదే శ్రీహరికోట నుంచి ఎక్స్‌పోశాట్ వెళ్లింది. ఇది చేసే పని వేరు. ఎక్స్‌రే తరంగం ఏ దిక్కులో ఊగుతోందో కొలుస్తుంది. అందులోని ప్రధాన పరికరం పోలిక్స్‌ని రామన్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసింది. పల్సర్ ధ్రువాల దగ్గర గ్యాస్ ఎలా పడుతోందో, మచ్చ ఆకారం ఏంటో దీనివల్ల తెలుస్తుందని ఆశ. అవసరం కూడా ఉంది. నాసా, ఇటలీ కలిసి పంపిన ఐఎక్స్‌పీఈ అనే ఉపగ్రహం హెర్క్యులిస్ ఎక్స్-1 అనే పల్సర్‌ని చూస్తే, ఆ ఊపు ఒకే దిక్కులో ఉండటం సిద్ధాంతం చెప్పినదానికంటే చాలా తక్కువగా వచ్చింది. 60-80 శాతం దాకా ఉండాలన్నారు, పది శాతం అటూ ఇటూ తేలింది. 50 ఏళ్లుగా పాఠాల్లో చెబుతున్న ఆ మచ్చ బొమ్మలో ఎక్కడో సవరణ కావాలి. పోలిక్స్ అంతకంటే బలమైన ఎక్స్‌రేల్లో చూస్తుంది కాబట్టి రెండింటినీ కలిపి చూడాల్సి ఉంది.

మన ఇళ్లలో ఇంటర్ ఎంపీసీ అంటే ఇంజినీరింగ్, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ అని రాసిపెట్టేసుకున్నారు. ఖగోళశాస్త్రం అంటే కొందరు జ్యోతిష్యమనే అనుకుంటారు. దారి అంత మూసుకుపోయి లేదు. బీఎస్సీ ఫిజిక్స్ తర్వాత ఉస్మానియాలోనే ఆస్ట్రానమీ చదువుంది. పీహెచ్‌డీ కోసం జెస్ట్ అనే పరీక్ష రాస్తే దేశంలోని పెద్ద సంస్థలు పిలుస్తాయి. ఎంపికైతే ఫీజు కట్టడం కాదు, నెలనెలా ఫెలోషిప్ వస్తుంది. ఇంట్లో చెప్పాల్సిన మాట ఇదే.

పీహెచ్‌డీ దాకా ఆగక్కర్లేదు కూడా. ఆస్ట్రోశాట్ లెక్కలు బెంగళూరు దగ్గర బ్యాలాలులో ఉన్న ఇస్రో డేటా సెంటర్‌లో ఉన్నాయి. నిర్ణీత గడువు దాటినవి ఎవరైనా పేరు నమోదు చేసుకుని ఉచితంగా దించుకోవచ్చు. కావలసింది ఓ మాదిరి ల్యాప్‌టాప్, కొంచెం పైథాన్, బోలెడంత ఓపిక. సెంటారస్ ఎక్స్-3 ఫైలు తీసుకుని, ఎక్స్‌రేలు తగిలిన సమయాల్ని వేర్వేరు వ్యవధులతో మడతపెడుతూ చూడండి. చాలాసేపు గీత చదునుగానే ఉంటుంది. 4.80 సెకన్ల దగ్గరికి రాగానే పైకి లేస్తుంది.